ముక్కుకు, ముఖానికి సరిపడే కళ్ళజోడు: గోదావరి డెల్టా వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్ళజోడు కొనేటప్పుడు చాలామంది ముందుగా రంగు, ఆకారం, ధర చూస్తారు. అది ముక్కు మీద ఎలా కూర్చుంటుంది, చెవుల వెనుక ఎక్కడ వంగుతుంది అన్న సంగతి ఇంటికి వెళ్ళాక గాని గుర్తుకు రాదు. పరీక్ష చేసి రాసిన పవరు ఎంత కచ్చితమైనదైనా, ఫ్రేము తన చోట తాను నిలవకపోతే ఆ పవరు కంటికి పూర్తిగా అందదు. అందుకే ముందు ముక్కును చూడాలని, ముఖం ఆకారం సంగతి ఆ తర్వాతేనని మేము గట్టిగా నమ్ముతాము. కోనసీమ నుంచి, నరసాపురం, భీమవరం ప్రాంతాల నుంచి వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఈ దృష్టితోనే జవాబులు రాశాము.

కళ్ళజోడు మాటిమాటికీ జారిపోతోంది. మన ఉక్కపోతకు పట్టే చెమట వల్లనేనా?

చెమట ఒక కారణమే గాని, చాలాసార్లు అసలు కారణం అది కాదు. తేల్చుకోవడానికి సులువైన మార్గం ఉంది. ముఖం కడుక్కుని పొడిగా తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తల పూర్తిగా కిందికి వంచి అటూ ఇటూ మెల్లగా ఊపండి. ముఖం పొడిగా ఉన్నప్పుడు కూడా జారితే లోపం ఫ్రేము అమరికలో ఉన్నట్టు. పొడిగా ఉన్నప్పుడు నిలిచి, మే నెల మధ్యాహ్నం మాత్రమే జారితే ముక్కుకు ఆనే ప్యాడ్లను మారిస్తే సరిపోవచ్చు.

అమరికలో లోపం ఉన్నప్పుడు అందరూ ముక్కునే చూస్తారు. మేము ముందుగా చెవుల వెనుక చూస్తాము. కాడ చెవి పైభాగాన్ని దాటిన చోటనే కిందికి వంగాలి, వంగిన భాగం చెవి వెనుక ఎముకను ఒత్తకుండా ఆనుకుని ఉండాలి. ఆ వంపు చెవికి ఒక సెంటీమీటరు వెనకగా మొదలైతే, ఫ్రేము ఆ సెంటీమీటరు మేరా ముందుకు జరిగి గాని ఆగదు. కొత్తగా కొన్న ఫ్రేముల్లో ఈ వంపు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండిపోతుంది. దాన్ని వేడి చేసి ఆ మనిషి చెవికి తగినట్టు వంచడం అమ్మినవారి బాధ్యత, ఆ పని చేయించుకోకుండా దుకాణం నుంచి బయటకు రావద్దు.

రెండో కారణం ముక్కు దగ్గర వెడల్పు. ఫ్రేము వంతెన, అంటే ముక్కు మీదుగా రెండు అద్దాలను కలిపే భాగం, మీ ముక్కు కంటే వెడల్పుగా ఉంటే పట్టు దొరకదు. మూడోది బరువు: అద్దాలు మందమై కాడలు మరీ సన్నగా ఉంటే, ఒకవైపే బరువెక్కిన కావడి భుజం మీద నిలవనట్టే, ఫ్రేము ముందుకు వాలుతుంది. నాలుగోది వాడకం. బండి దిగగానే ఒంటి చేత్తో ఒక కాడ పట్టుకుని కళ్ళజోడు లాగేసేవారిని చూడండి. కొన్ని నెలలకు ఆ వైపు మర వదులై, కాడ బయటికి తెరుచుకుని, ఫ్రేము ఒక పక్కకు ఒరుగుతుంది. తీసేటప్పుడైనా పెట్టుకునేటప్పుడైనా రెండు చేతులూ వాడాలి.

నా ముక్కు దూలం ఎత్తో, పల్లమో ఎలా తెలుసుకోవాలి?

అద్దం ముందు నిలబడి సూటిగా చూడండి. రెండు కళ్ళ మధ్య ముక్కు దూలం బాగా లోపలికి ఉండే చోటు ఒకటి ఉంటుంది. అది కంటిపాపల కంటే పైన ఉంటే మీది ఎత్తైన దూలం. కంటిపాపలకు సమానంగా గాని, కిందుగా గాని ఉంటే పల్లపు దూలం. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు కూడా ఇది వేరువేరుగా ఉండవచ్చు కనుక, అన్నకు నప్పిన ఫ్రేము తమ్ముడికి నిలుస్తుందన్న హామీ లేదు.

పల్లపు దూలం ఉన్నవారు చెప్పే ఇబ్బందులు దాదాపు ఒకేలా ఉంటాయి. నవ్వగానే ఫ్రేము అంచు బుగ్గలకు తగిలి పైకి లేస్తుంది, కనురెప్పల వెంట్రుకలు అద్దానికి రాసుకుని మరకలు పడతాయి, ఫ్రేము కనుబొమల నుంచి బాగా కిందికి దిగిపోతుంది. వీరికి కదిలే ప్యాడ్లు ఉన్న లోహపు ఫ్రేము అన్నిటికంటే నమ్మదగినది, ఎందుకంటే ప్యాడ్లను మోసే సన్నని తీగలను పట్టకారుతో దగ్గరకో, ముందుకో వంచి, అద్దాన్ని బుగ్గ నుంచి ఎంత దూరంలో కావాలంటే అంత దూరంలో నిలపవచ్చు. ప్లాస్టిక్ ఫ్రేమే కావాలనుకుంటే ముక్కు దగ్గరి దిమ్మలు మామూలు కంటే ఎత్తుగా ఉన్నవి అడగండి. 'లో బ్రిడ్జ్ ఫిట్', 'ఏషియన్ ఫిట్' అన్న పేర్లతో అమ్మేవి ఇవే. ఇవి దొరకకపోతే ఉన్న ప్లాస్టిక్ ఫ్రేముకు లోపలి వైపు అతికించుకునే సిలికాన్ ప్యాడ్లు తక్కువ ధరకే వస్తాయి. అవి చెమటకు ఊడిపోతూ ఉంటాయి కాబట్టి శాశ్వత పరిష్కారంగా వాటిని సిఫారసు చేయలేము.

ఎత్తైన, సన్నని ముక్కు ఉన్నవారికి ఇబ్బంది వేరు. వెడల్పు వంతెన ఉన్న ఫ్రేము వీరి ముక్కు మీద పైకీ కిందికీ తిరుగాడుతుంది. వంతెన 16, 17 మిల్లీమీటర్లు ఉన్నవి చూడాలి. తాళపుచెవి రంధ్రం ఆకారంలో మధ్యన ఖాళీ ఉండే వంతెన బరువును ముక్కు నెత్తిన మోపకుండా పక్కలకు పంచుతుంది. పాత దెబ్బ వల్లనో, పుట్టుకతోనో ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉన్నవారు ప్లాస్టిక్ ఫ్రేముల జోలికి పోకపోవడమే మంచిది. వారికి ఒక్కో ప్యాడును ఒక్కో రకంగా వంచుకునే సౌకర్యం తప్పనిసరి.

కాడ లోపలి వైపు 52, 18, 140 అని అంకెలు ఉన్నాయి. అవి దేనికి?

అవి మిల్లీమీటర్లలో కొలతలు. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది రెండు అద్దాల మధ్య దూరం, అంటే వంతెన, మూడోది కాడ పొడవు. మొదటి రెండింటి మధ్య చిన్న చతురస్రం గుర్తు అచ్చయి ఉండవచ్చు. మీకు చక్కగా కుదిరిన పాత ఫ్రేము ఉంటే ఈ మూడు అంకెలూ రాసి దాచుకోండి.

మొదటి రెండు అంకెలు కలిపి, ఆ మొత్తాన్ని మీ రెండు కంటిపాపల మధ్య దూరంతో పోల్చాలి. ఈ దూరాన్ని దుకాణాల్లో పీడీ అంటారు. పెద్దవారిలో ఎక్కువమందికి ఇది 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఫ్రేము మొత్తం పీడీకి ఎంత దగ్గరగా ఉంటే కన్ను అద్దం నడుమకు అంత దగ్గరగా వస్తుంది. ఒక్క హెచ్చరిక: వంతెన అంకె వెడల్పును మాత్రమే చెబుతుంది, ఎత్తును చెప్పదు. ఒకే 18 రాసి ఉన్న రెండు ఫ్రేములు పల్లపు ముక్కు మీద పూర్తిగా వేరుగా కూర్చుంటాయి. కాబట్టి పెట్టుకుని చూడక తప్పదు.

ముక్కుకు రెండు వైపులా నల్లటి మచ్చలు పడ్డాయి. దురద కూడా ఉంది. ఏం చేయాలి?

మచ్చకూ దురదకూ కారణాలు వేరు కావచ్చు. ప్యాడు మొత్తం చర్మానికి సమంగా ఆనకుండా దాని అంచు మాత్రమే గుచ్చుకుంటే, బరువంతా ఆ సన్నని గీత మీద పడి గుంట ఏర్పడుతుంది. కళ్ళజోడు తీసిన వెంటనే అద్దంలో చూసుకోండి. ప్యాడు ఆకారంలో లేత ముద్ర సమంగా కనిపిస్తే అమరిక బాగున్నట్టు. పై అంచునో, కింది అంచునో ఎర్రటి గీత మాత్రమే కనిపిస్తే ప్యాడు కోణం సరిచేయించాలి. ఆ పనికి రెండు నిమిషాలు చాలు. పసుపు రంగుకు తిరిగి గట్టిపడిన సిలికాన్ ప్యాడ్లను కూడా అప్పుడే మార్పించండి.

దురద, పొక్కులు వస్తుంటే లోహాన్ని అనుమానించాలి. చవక లోహపు ఫ్రేముల్లో నికెల్ ఉంటుంది, అది కొందరికి పడదు. పైపూత చెమటకు లేచిపోయాక లోపలి లోహం నేరుగా చర్మానికి తగులుతుంది. ప్యాడ్ల దగ్గర, మరల దగ్గర పేరుకునే ఆకుపచ్చటి జిడ్డు కూడా లోహంలోని రాగి చెమటతో కలిసి ఏర్పడేదే. ఉప్పాడ, అంతర్వేది వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. ఇలాంటివారికి టైటానియం గాని, అసిటేట్ ప్లాస్టిక్ గాని, తేలికైన నైలాన్ రకమైన టీఆర్ 90 గాని నప్పుతుంది. టీఆర్ 90 విషయంలో ఒక్క మాట: అది బాగా వంగుతుంది, సులభంగా విరగదు. అదే గుణం వల్ల వేడి చేసి మనకు కావలసిన ఆకారంలో నిలపడం అసిటేట్‌లో ఉన్నంత సులువు కాదు. అందువల్ల పెట్టుకున్న వెంటనే సరిపోయిన దాన్నే కొనాలి.

గుండ్రటి ముఖానికి పలకల ఫ్రేము, పలకల ముఖానికి గుండ్రటి ఫ్రేము పెట్టుకోవాలంటారు. నిజమేనా?

అది అభిరుచికి సంబంధించిన సలహా, నియమం కాదు. ముఖం గీతలకు ఎదురుగా ఉండే ఆకారం ఫ్రేమును ప్రస్ఫుటంగా చూపిస్తుంది, అంతవరకు నిజం. ఇష్టమైతే పాటించండి, లేకపోతే వదిలేయండి.

ఆకారం కంటే వెడల్పు ముఖ్యం. ఎదురుగా చూసినప్పుడు ఫ్రేము వెడల్పు, ముఖంలో కణతల దగ్గరి వెడల్పు ఇంచుమించు సమానంగా ఉండాలి. కాడలు కణతలను నొక్కుతూ బయటికి విచ్చుకుంటే ఫ్రేము ఇరుకు. అలా నొక్కే ఫ్రేము మెల్లగా ముందుకు తోసుకుని వస్తుంది, సాయంత్రానికి తలనొప్పి కూడా తెస్తుంది. వెడల్పాటి ముఖం, దగ్గరగా ఉండే కళ్ళు, పల్లపు ముక్కు కలిసి ఉన్నవారికి ఫ్రేము దొరకడం నిజంగానే కష్టం. వారికి అద్దాలు చిన్నవిగా ఉండి, మరలు ఉండే అంచులు బయటికి పొడవుగా సాగిన ఫ్రేములు చూపమని అడగండి. కళ్ళు అద్దం నడుమనే ఉంటాయి, కాడలూ కణతలను నొక్కవు.

నాకు మైనస్ పవరు ఎక్కువ. పెద్ద ఫ్రేము వేసుకోవచ్చా?

వేసుకోకపోవడం మేలు. మైనస్ అద్దం నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ఉదాహరణకు మీ పీడీ 62 అనుకుందాము. 54, 18 కొలతల ఫ్రేము తీసుకుంటే మొత్తం 72, అంటే ఒక్కో కన్ను అద్దం నడుమ నుంచి 5 మిల్లీమీటర్లు ముక్కు వైపుకు ఉంటుంది. అద్దం కేంద్రాన్ని కంటి ఎదుటికి తేవాలంటే అద్దాన్ని లోపలికి జరిపి కోయాలి, అప్పుడు బయటి అంచు బాగా మందమవుతుంది. 46, 20 కొలతల ఫ్రేములో ఈ తేడా 2 మిల్లీమీటర్లే. అద్దం పలచబడుతుంది, బరువు తగ్గుతుంది, ముక్కు మీద జారడం కూడా తగ్గుతుంది. 1.67, 1.74 సూచిక గల పలచని అద్దాలకు వేలల్లో ఖర్చు పెట్టే ముందు చిన్న ఫ్రేము ఎంచుకుంటే అందులో సగం పని ఉచితంగా అయినట్టే.

ఎక్కువ పవరు ఉన్నవారికి జారడం అన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అద్దానికీ కంటికీ మధ్య సాధారణంగా 12 నుంచి 14 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. మైనస్ అద్దం ముందుకు జారితే దాని బలం కంటి దగ్గర తగ్గుతుంది. మైనస్ 10 పవరు అద్దం 5 మిల్లీమీటర్లు జారితే దాదాపు అర డయాప్టరు, అంటే 0.5 పవరు, నష్టపోతాము. బస్సు బోర్డు చదవడానికి కళ్ళజోడును వేలితో పైకి నెట్టుకునేవారిలో చాలామందికి పవరు పెరగలేదు, ఫ్రేము జారింది. ప్లస్ పవరుకు ఇది తలకిందులు: జారేకొద్దీ బలం పెరుగుతుంది. పెద్దవారు కళ్ళజోడును ముక్కు కొనకు దించుకుని పంచాంగం చదవడం వెనుక ఉన్నది కూడా ఇదే.

చత్వారానికి ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించాను. దిగువ చదవడానికి తల ఎత్తవలసి వస్తోంది. అద్దం లోపమా?

ఎక్కువగా కొలత లోపమో, అమరిక లోపమో అయి ఉంటుంది. ప్రోగ్రెసివ్ అద్దంలో దూరపు చూపు పైన, దగ్గరి చూపు కింద ఉంటాయి. కంటిపాప అద్దంలో ఏ ఎత్తున పడుతుందో ఫ్రేము ముఖం మీద ఉండగానే గుర్తు పెట్టి కొలవాలి. ఫ్రేమును బల్ల మీద పెట్టి అంచనాగా రాసిన కొలత పనికిరాదు. ఇంకో ముఖ్య సంగతి ఏమిటంటే, ప్యాడ్లు, కాడలు సరిచేసిన తర్వాతే ఈ కొలత తీయాలి. ముందు కొలిచి, అద్దాలు బిగించాక ప్యాడ్లను వంచితే గుర్తు పెట్టిన ఎత్తు మారిపోతుంది.

అద్దం ఎత్తు 30 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే చదివే భాగానికి చోటు చాలినంత దొరుకుతుంది. ఫ్రేము కింది అంచు బుగ్గల వైపుకు కొంచెం వాలి ఉండాలి, సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీలు. ఎత్తైన చెంప ఎముకలు ఉన్నవారికి అంత వాలు ఇస్తే అంచు బుగ్గకు తగులుతుంది కాబట్టి, వాలు తగ్గించుకోవాలి లేదా ప్యాడ్లతో ఫ్రేమును ముందుకు తేవాలి.

నేను లేసు అల్లుతాను. తల వంచగానే కళ్ళజోడు ఒడిలో పడుతోంది.

నరసాపురం, పాలకొల్లు పరిసరాల మహిళలు ఈ ఇబ్బందిని తరచుగా చెబుతారు, దీన్ని తేలికగా తీసుకోకూడదు. తెల్ల దారంతో సన్నని కొక్కెం పట్టి అల్లేటప్పుడు తల గంటల తరబడి వంగి ఉంటుంది, బరువు ముక్కు మీద కాక చెవుల వెనుక వంపు మీద పడుతుంది. ఈ పనికి చెవి చుట్టూ తిరిగే మెత్తని కొక్కెపు కాడలు గాని, కాడల చివర తొడుక్కునే సిలికాన్ కొక్కేలు గాని, మెడలో వేసుకునే తాడు గాని వాడాలి. తేలికైన చిన్న ఫ్రేము ఎంచుకోవాలి.

పరీక్ష చేయించుకునేటప్పుడు లేసు, కొక్కెం వెంట తీసుకువెళ్ళి, మీరు పని పట్టుకునే దూరం చూపించండి. చదివే పవరును సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరానికి లెక్కకడతారు. అల్లేవారు అంతకంటే దగ్గరగా పట్టుకుంటారు. దగ్గరి వస్తువు చూసేటప్పుడు కంటిపాపలు లోపలికి తిరుగుతాయి కాబట్టి దగ్గరి పీడీ విడిగా కొలవాలి. సంతలో దొరికే రెడీమేడ్ చదివే అద్దాల్లో రెండు కళ్ళకూ ఒకే పవరు, అందరికీ ఒకే దూరం ఉంటుంది. రెండు కళ్ళకూ పవరు సమానంగా ఉన్నవారికి కొంతకాలం పనిచేయవచ్చు గాని, రోజంతా కూర్చుని అల్లేవారు వాటిమీద ఆధారపడకూడదు.

చెరువు గట్ల మీద, కొబ్బరి తోటల్లో పనిచేసేవారికి ఎలాంటివి మంచివి?

ఆకివీడు, ఉండి వైపు చెరువుల రైతులకు నీటి మీది తళతళ పెద్ద బాధ. నీటి నుంచి అడ్డంగా పరావర్తనం చెందే ఆ వెలుతురును పోలరైజ్డ్ చలువ అద్దాలు బాగా తగ్గిస్తాయి. అయితే వాటితో చూసినప్పుడు కొన్ని ఫోన్ల తెరలు, ఆక్సిజన్ కొలిచే మీటర్ల తెరలు ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి. మీటరును కొంచెం తిప్పితే అంకెలు మళ్ళీ కనిపిస్తాయి. చెరువుకు వాడేవి ముఖం చుట్టూ వంగి ఉండాలి, కాని పల్లపు ముక్కు ఉన్నవారికి అలాంటి ఫ్రేములు బుగ్గల మీద కూర్చుని ఆవిరి పట్టిస్తాయి. ముక్కు దగ్గర మెత్తని రబ్బరు ప్యాడ్లు ఉన్నవే తీసుకోవాలి.

కొబ్బరి దింపు కార్మికులు చెట్టు మీద ఉండగా జారిన కళ్ళజోడును పట్టుకోబోవడం ప్రమాదం. తల వెనుక బిగించుకునే పట్టీ లేకుండా చెట్టెక్కవద్దు.

హెల్మెట్ పెట్టినప్పుడు, పెళ్ళిళ్ళలో చెంపస్వరాలు పెట్టుకున్నప్పుడు చెవి నొప్పి పెడుతోంది.

హెల్మెట్ కోసం సన్నని, తిన్నని కాడలు కావాలి. వెడల్పాటి ప్లాస్టిక్ కాడలు కణతల మీద నొక్కుకుంటాయి. చెంపస్వరాలు చెవి మీదుగా వెళ్ళి కాడ కూర్చునే చోటనే బరువు మోపుతాయి. ముందు చెంపస్వరాలు అమర్చుకుని, ఆ తర్వాత వాటి పైనుంచి సన్నని లోహపు కాడలున్న కళ్ళజోడు పెట్టుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. ముక్కుపుడకకు, ప్యాడ్లకు సాధారణంగా సంబంధం లేదు. ప్యాడ్లు దూలానికి పక్కన, చాలా పైన ఆనుతాయి.

పిల్లవాడికి కళ్ళజోడు నిలవడం లేదు. ఎదుగుతాడు కదా అని పెద్ద సైజు కొనవచ్చా?

కొనకండి. చిన్న పిల్లల ముక్కు దూలం ఇంకా లేవదు, పెద్దవారి ఫ్రేమును చిన్నదిగా చేసినంత మాత్రాన వారికి సరిపోదు. పెద్ద సైజు తీసుకుంటే అద్దం కిందికి దిగి, పిల్లవాడు ఫ్రేము పైనుంచి చూడడం అలవాటు చేసుకుంటాడు. అప్పుడు కళ్ళజోడు ముఖం మీద ఉన్నా కంటికి అందదు. మందగించిన కన్నుకు చికిత్స జరుగుతున్న పిల్లల విషయంలో ఇది చూపుకే నష్టం. మెత్తని వంతెన, తల వెనుక పట్టీ, పగిలినా గాజుముక్కల్లా చెదరని పాలీకార్బొనేట్ అద్దాలు ఎంచుకోండి. 2019 అక్టోబరు 10న మన రాష్ట్రంలో మొదలైన కంటి వెలుగు వంటి కార్యక్రమాల్లో బడిలో ఇచ్చిన కళ్ళజోడు అయినా సరే, ఇంటి దగ్గరి దుకాణంలో ఒకసారి ముక్కుకు, చెవులకు సరిచేయించాలి. పిల్లల ముఖం మారుతూ ఉంటుంది కనుక ఆరు నెలలకొకసారి అమరిక చూపించడం మంచిది.

ఎలా శుభ్రం చేసుకోవాలి?

నీటితో తడిపి, ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు నీళ్ళతో ప్యాడ్లు కూడా కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. పొడి అద్దాన్ని కండువాతోనో, చీర కొంగుతోనో రుద్దితే దుమ్ము గీతలు పెడుతుంది. వేసవిలో తలుపులు మూసిన కారు ముందుభాగంలో కళ్ళజోడు వదలవద్దు, ప్లాస్టిక్ ఫ్రేము వంకర తిరుగుతుంది, అద్దాల పూత పగుళ్ళిస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనవచ్చా?

తక్కువ పవరు ఉండి, మీకు కుదిరిన ఫ్రేము అంకెలు, పీడీ చేతిలో ఉంటే కొనవచ్చు. ముఖం మీద ఫ్రేమును బొమ్మలా చూపే సదుపాయం అందాన్ని చూపిస్తుందే గాని, ముక్కు మీద పట్టును చూపించలేదు. ప్రోగ్రెసివ్ అద్దాలకు, ఎక్కువ పవరుకు, పిల్లలకు, పల్లపు ముక్కు ఉన్నవారికి దుకాణమే మేలు.

కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే నేల పల్లంగా కనిపిస్తోంది. మార్పించాలా?

పవరు మారినప్పుడు, ఫ్రేము ఆకారం బాగా మారినప్పుడు కొద్ది రోజులు ఇలా అనిపించడం సహజం. మెట్లు దిగేటప్పుడు, రాత్రి బండి నడిపేటప్పుడు ఆ రోజుల్లో జాగ్రత్తగా ఉండండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే పాత కళ్ళజోడు, కొత్త కళ్ళజోడు, పవరు రాసిన చీటీ మూడూ తీసుకుని కొన్నచోటికి వెళ్ళండి. ముందు ఫ్రేము అమరిక, తర్వాత అద్దం కేంద్రాలు, ఆపైన పవరు, ఆ వరుసలోనే చూడమని అడగండి. తలనొప్పితో పాటు ఒకటి రెండుగా కనిపించడం, కంటి ముందు మెరుపులు, చూపు హఠాత్తుగా తగ్గడం ఉంటే మాత్రం దుకాణానికి కాదు, ఆ రోజే కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.